కలిపేటప్పుడు నీళ్లు తక్కువ, గట్టిపడ్డాక నీళ్లు ఎక్కువ: ఇంటి తోటకు కాంక్రీటు పలకలు, పళ్లేలు, కుండీలు

తోటపనికీ కాంక్రీటుకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మోనియే అనే తోటమాలికి మొక్కల కోసం గట్టి తొట్లు కావాల్సి వచ్చాయి. మట్టివి పగిలిపోతాయి, చెక్కవి కుళ్లిపోతాయి. అందుకని సిమెంటు మాలులో ఇనప తీగల వల పెట్టి తొట్లు పోశాడు, 1867లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మన శ్లాబులకూ వంతెనలకూ వాడుతున్న ఆర్‌సీసీకి (లోపల ఇనుము పెట్టి పోసే కాంక్రీటుకు) మూలాల్లో ఆ పూల తొట్టి ఒకటి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇల్లు కట్టిన పెరట్లో చూడండి, ఏదో ఒక మూల కాస్త ఇసుక, కొంచెం పిక్క (కంకర), అర బస్తా సిమెంటు మిగిలే ఉంటాయి. వాటితో తోటకు కావాల్సినవి మనమే పోసుకోవచ్చు. ఇంట్లో పోసిన కుండీ ఏడాదికే బీటలిచ్చిందంటే తప్పు ఎక్కువగా రెండు చోట్ల ఉంటుంది. కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు, గట్టిపడ్డాక నీళ్లు పెట్టడం మానేసి ఉంటారు. ఈ రెండూ ఎందుకు అంత ముఖ్యమో ముందు తెలుసుకుంటే మిగతా పని సులువవుతుంది.

సిమెంటు ఎలా గట్టిపడుతుంది

"మాలు ఆరిందా?" అని అడుగుతుంటాం. సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. సున్నపురాయినీ బంకమట్టినీ కలిపి దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకర్ అనే గుండ్లు వస్తాయి. వాటికి కొద్దిగా జిప్సం చేర్చి మెత్తగా పిండి చేస్తే సిమెంటు. జిప్సం లేకపోతే నీళ్లు తగిలిన కాసేపటికే మాలు బిగుసుకుపోతుంది, తాపీ పెట్టే వ్యవధి కూడా ఉండదు.

సిమెంటులో బలం ఇచ్చేవి ముఖ్యంగా రెండు పదార్థాలు. ట్రైకాల్షియం సిలికేట్ తొందరగా పనిచేస్తుంది, మొదటి వారాల బలం దానిదే. డైకాల్షియం సిలికేట్ నిదానం, నెలల తరబడి బలాన్ని పెంచుతూ పోతుంది. ఈ రెండూ నీళ్లతో కలిసినప్పుడు కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే పదార్థం జిగురులా పుట్టి, ఇసుకనూ పిక్కనూ పట్టి బిగిస్తుంది. దాంతోపాటు సున్నం కూడా తయారవుతుంది. పచ్చి మాలు చేతిని కాల్చడానికీ, కొత్త కుండీలో కొన్ని మొక్కలు పాలిపోవడానికీ ఆ సున్నమే కారణం.

విజయనగరం కోటకు పునాది వేసింది 1713లో. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. అంటే ఆ కాలపు కట్టడాలన్నీ సున్నం మీద నిలిచినవే. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ ఏళ్ల మీద రాయిగా మారుతుంది. సిమెంటుకు గాలితో పనిలేదు, నీళ్ల అడుగున కూడా గట్టిపడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. పాత మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. సిమెంటుకు అది పనికిరాదు. కాస్త చక్కెర తగిలినా సిమెంటు సెట్ అవడం ఆగిపోతుంది. మాలు కలపడానికి బెల్లం ఉంచిన డబ్బా తీసుకుంటే శుభ్రంగా కడిగి వాడండి.

నీళ్ల లెక్క

సిమెంటు మొత్తం నీళ్లతో కలిసిపోవాలంటే, దాని బరువులో 40 శాతం దగ్గరలో నీళ్లు చాలు. అంతకు మించి పోసినవి మాలు జారుగా ఉండటానికే తప్ప దేనికీ పనికిరావు. తర్వాత అవి బయటికి పోతాయి, పోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వాటి గుండానే వాన నీళ్లు, ఉప్పు గాలి లోపలికి దిగుతాయి. సిమెంటుకు నీళ్ల నిష్పత్తి పెరిగేకొద్దీ కాంక్రీటు బలం పడిపోతుందని అమెరికా ఇంజనీరు డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే ప్రయోగాలతో చూపించాడు. ఇప్పటికీ కాంక్రీటు పనిలో మొదటి సూత్రం అదే.

ఇంటి పనికి సిమెంటు బరువులో 45 నుంచి 50 శాతం నీళ్లు పెట్టుకోండి. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు మించకూడదన్నమాట. ఒక లీటరు డబ్బా నిండా సిమెంటు సుమారు 1.4 కిలోలు తూగుతుంది, కాబట్టి డబ్బా సిమెంటుకు 650 నుంచి 700 మిల్లీలీటర్ల నీళ్లు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. తడి ఇసుక ఉబ్బి కూడా ఉంటుంది, అదే డబ్బాలో ఇసుక తక్కువ పడుతుంది. వానాకాలంలో కొలతకు కొంచెం ఇసుక ఎక్కువ వేసి, నీళ్లు చివర్లో చూసి పోయండి.

చేత్తో చూసే పద్ధతి ఒకటుంది. గ్లౌజు వేసుకుని పిడికెడు మాలు తీసుకుని నొక్కండి. సున్నుండలా ఉండ కట్టి, చెయ్యి తెరిచాక విరిగిపోకుండా నిలవాలి. వేళ్ల సందుల్లోంచి సిమెంటు నీళ్లు కారితే ఎక్కువైనట్టు. ఉండ పొడిపొడిగా విడిపోతే రెండు చెంచాల నీళ్లు చల్లి మళ్లీ కలపండి. ఎక్కువైన నీళ్లను తగ్గించడానికి ఇసుక ఒక్కటే పోయకండి, అదే పాళ్లలో సిమెంటూ పిక్కా కూడా కలపాలి.

సరుకు

సిమెంటు: తోటపనికి నేను పీపీసీనే (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) తీసుకోమంటాను. అందులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్, అంటే విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలే సన్న బూడిద ఉంటుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే సున్నాన్ని ఈ ఫ్లైయాష్ తీసుకుని ఇంకాస్త జిగురుగా మారుస్తుంది. అందువల్ల కుండీ చిక్కగా వస్తుంది, పైన తెల్లగా ఉప్పు పొంగడం తగ్గుతుంది. బలం నిదానంగా వస్తుంది, నీళ్లు ఎక్కువ రోజులు పెట్టాలి, అంతే తేడా. సముద్రం దగ్గరి ఊళ్లకు స్లాగ్ కలిసిన పీఎస్‌సీ ఇంకా మంచిది. ఉక్కు కర్మాగారాల్లో ఇనుము తీశాక మిగిలే స్లాగ్‌తో చేసే ఈ సిమెంటు ఉప్పును బాగా తట్టుకుంటుంది. మన తేమ గాలికి తెరిచిన బస్తా తొందరగా పాడవుతుంది. గడ్డలు వేళ్లతో నలిపితే పొడయితే జల్లించి తోటపనికి వాడుకోవచ్చు. రాయిలా ఉంటే పారేయండి.

ఇసుక: నాగావళి, వంశధార, చంపావతి ఇసుక ఈ పనికి బాగుంటుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గరిది మాత్రం వద్దు, ఉప్పు ఉంటుంది. మట్టి ఎంత ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, పైన నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కుదిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక కింద, మట్టి పైన పొరగా పేరుతుంది. మట్టి పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఇసుకను కడగాలి. మట్టి రేణువు చుట్టూ పొరలా ఉండిపోతే సిమెంటు దాన్ని పట్టుకోలేదు.

పిక్క: టెక్కలి వైపు గ్రానైటుకు పేరు. మన క్రషర్లలో దొరికే నల్లపిక్క గట్టిది, నీళ్లు పెద్దగా పీల్చదు. పలకలకు 12 మిల్లీమీటర్లది, కుండీలకు 6 మిల్లీమీటర్ల చిప్స్ తీసుకోండి. గోడ మందంలో పావు వంతు కంటే పెద్ద రాయి వాడకూడదు, సందుల్లో ఇరుక్కుని బొర్రలు పడతాయి. పిక్కకు అంటిన దుమ్మును ఒకసారి నీళ్లతో కడిగేయండి.

నీళ్లు: తాగడానికి పనికొచ్చేవి. బోరు ఉప్పగా ఉంటే ఇనుము లేని పలకలకు ఫరవాలేదు కానీ తీగల వల పెట్టే పనికి వద్దు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం నీళ్లలో క్లోరైడు ఇనుము లేని కాంక్రీటుకు లీటరుకు 2000 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. ఆర్‌సీసీకి అది 500 మాత్రమే. ఇంత తేడా ఎందుకంటే, ఉప్పు ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది.

రైసు మిల్లుల ఊక బూడిద కలపొచ్చా అని కొందరు అడుగుతారు. అదుపులో కాల్చిన ఊక బూడిదలో సిలికా చాలా ఎక్కువ, ఫ్లైయాష్‌లాగే పనిచేస్తుంది. మిల్లు బయట పోసిన నల్ల బూడిదలో కాలని బొగ్గు ఉంటుంది, అది నీళ్లు పీల్చేస్తుంది. ఇంటి పనిలో దాని జోలికి వెళ్లకపోవడమే నయం.

సిమెంటు పట్టేముందు రబ్బరు గ్లౌజులు, మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు. పచ్చి మాలు చర్మాన్ని కాలుస్తుంది, ఆ నొప్పి వెంటనే తెలియదు, అదే ప్రమాదం. మాలు పడిన చోట వెంటనే కడగండి. కంట్లో పడితే చాలాసేపు ధారగా నీళ్లు పోసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లల్ని ఈ పనికి దూరంగా ఉంచండి.

మొదటి పని: నడక పలక

చెయ్యి తిరగడానికి ఇదే మంచిది. 40 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం. దానికి కాంక్రీటు 8 లీటర్లు పడుతుంది. పొడి సరుకు కలిస్తే తగ్గిపోతుంది కనుక ఒకటిన్నర రెట్లు, అంటే 12 లీటర్లు తీసుకోవాలి. 1:2:3 పాళ్లలో సిమెంటు 2 లీటర్లు, ఇసుక 4, పిక్క 6, నీళ్లు 1.4 లీటర్ల లోపు. ఒక బస్తాతో పదిహేడు పలకల దాకా వస్తాయి. ఒక్కోటి 19 కిలోల దగ్గర తూగుతుంది, ఎత్తేటప్పుడు నడుము జాగ్రత్త.

సెంట్రింగు చెక్క ముక్కలు నాలుగు తీసుకుని చట్రంలా బిగించండి. చదునైన నేల మీద ప్లాస్టిక్ కవరు పరిచి చట్రం పెట్టి, లోపలి అంచులకు పల్చగా కొబ్బరినూనె రాయండి. వాడేసిన ఇంజనాయిలు రాస్తే మరకలు పోవు.

సిమెంటూ ఇసుకా ముందు పొడిగా రంగు ఒకేలా వచ్చేదాకా పారతో తిప్పండి. తర్వాత పిక్క వేసి తిప్పండి. మధ్యలో గుంట చేసి నీళ్లలో మూడొంతులు పోసి కలపండి, మిగతావి చూసుకుంటూ చల్లండి. కలిపిన మాలును ముప్పావు గంటలోపు వాడేయాలి. బిగుసుకుంటున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి తిప్పితే అప్పటికే పుట్టిన జిగురు తెగిపోతుంది.

చట్రంలో సగం దాకా వేసి పుల్లతో పొడుస్తూ మూలలు నింపండి, మిగతాది వేసి చెక్కతో సరిచేయండి. చట్రాన్ని పక్కలనుంచి తడుతుంటే గాలి బుడగలు పైకి వస్తాయి. పైన నీళ్ల మెరుపు కనపడగానే ఆపండి, ఇంకా తడితే పిక్క కిందికి, నీళ్లు పైకి చేరతాయి. ఆ నీళ్ల మీద పొడి సిమెంటు చల్లి నునుపు చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. పైపొర ఒక్కటే వేరే పాళ్లలో తయారై సన్న గీతలు తీస్తుంది. మెరుపు ఇంకే దాకా ఆగి, అప్పుడు తాపీ ఒక్కసారి తిప్పండి. తర్వాత కొబ్బరి ఈనెల చీపురును ఒకే దిశలో మెల్లగా లాగితే సన్నటి గీతలు పడతాయి. వానలో కాలు జారకుండా కాపాడేవి అవే. టెక్కలి వైపు పాలిషింగు యూనిట్ల దగ్గర దొరికే గ్రానైటు ముక్కలను తడిపి ఈ దశలోనే పైన అద్దితే అందంగా ఉంటుంది.

రెండో పని: చేమాకు పళ్లెం

పిట్టలకు నీళ్లు పెట్టే ఈ పళ్లెం నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చెరువు గట్ల మీద పెరిగే పెద్ద చేమాకు, లేదా టేకాకు తీసుకోండి. చేమాకు పాలు చేతికి దురద పుట్టిస్తాయి, గ్లౌజు తప్పనిసరి.

తడి ఇసుకను కుప్పగా పోసి, బోర్లించిన పళ్లెం ఆకారంలో గట్టిగా తట్టండి. మధ్యలో ఎత్తు రెండు అంగుళాలు మించొద్దు. దాని మీద పల్చని ప్లాస్టిక్ కవరు, కవరు మీద ఆకు. ఆకు అడుగు భాగం పైకి ఉండాలి, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది ఆ వైపే. సిమెంటు ఒక పాలు, జల్లించిన సన్న ఇసుక రెండు పాళ్లు కలిపి ఆకు మీద మధ్యనుంచి అంచులకు వేళ్లతో నొక్కుతూ పరవండి. మధ్యలో 2 సెంటీమీటర్ల మందం, అంచుల్లో 1 సెంటీమీటరు. మాలు ఆకు అంచు దాటకూడదు, దాటినచోట పుల్లతో కోసి తీసేయండి. పళ్లెం పెద్దదైతే మధ్యలో ఫైబరు మెష్ ముక్క ఒకటి పెట్టి పైన మళ్లీ మాలు వేయండి. కాంక్రీటు నొక్కుడును ఎంత బాగా ఓర్చుకున్నా లాగుడును అందులో పదో వంతే ఓర్చుకుంటుంది, పల్చటి అంచులు విరిగేది అందుకే. పైన కవరు కప్పి రెండు రోజులు ముట్టుకోకండి.

తర్వాత మెల్లగా తిరగేసి కాడ దగ్గర పట్టుకుని ఆకును లాగండి. చాలాసార్లు ఒకే ముక్కగా ఊడొస్తుంది. నడి ఈనె లోతుగా, దాన్నుంచి చీలిన పక్క ఈనెలు, వాటి మధ్య వల అల్లికలాంటి సన్న గీతలు అన్నీ బూడిదరంగులో అచ్చుపడి ఉంటాయి. ఈనెల దగ్గర అంటుకున్న ఆకు పీచును గోకకండి, నీళ్లు పెట్టే రోజుల్లోనే మెత్తబడి బ్రష్షుకు వచ్చేస్తుంది. వాడుకలోకి వచ్చాక రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

మూడో పని: బకెట్ కుండీ

ఒక పెద్ద బకెట్, దాని లోపల రెండు వేళ్ల సందు మిగిలేలా కూర్చునే చిన్న బకెట్. పెద్దదానికి లోపల, చిన్నదానికి బయట నూనె రాయండి. ఎంత మాలు కావాలో తెలుసుకోవడానికి లెక్కలు అక్కర్లేదు. పెద్ద బకెట్ అడుగున కుండీ అడుగు మందానికి సరిపడా ఎత్తు పెట్టి, చిన్నదాన్ని బరువు వేసి లోపల నిలబెట్టి, సందులో లీటరు మగ్గుతో నీళ్లు పోస్తూ లెక్కపెట్టండి. 8 లీటర్లు పట్టాయనుకోండి, పొడి సరుకు 12 లీటర్లు. కుండీకి పాళ్లు 1:2:2, కాబట్టి సిమెంటు 2.4 లీటర్లు, ఇసుక 4.8, చిప్స్ 4.8, నీళ్లు లీటరున్నర. కొలిచాక బకెట్లు తుడిచి మళ్లీ పల్చగా నూనె రాయండి.

అడుగున నీళ్లు పోయే రంధ్రాల కోసం 4 సెంటీమీటర్ల పొడవు పీవీసీ పైపు ముక్కలు రెండు మూడు నిలబెట్టి, వాటి మధ్య అంత ఎత్తుకే మాలు వేసి తట్టండి. పైన చిన్న బకెట్ నిలిపి, అది తేలకుండా ఇసుకతో నింపండి. చుట్టూ సందులో కొంచెం కొంచెంగా మాలు దింపుతూ సన్నటి రాడ్డుతో పొడవండి. మాలంతా ఒకే వైపు పోస్తే లోపలి బకెట్ పక్కకు జరిగి గోడ ఒకచోట పల్చబడుతుంది. బయటి బకెట్‌ను చెక్కతో చుట్టూ తడుతూ ఉండండి. అడుగున్నర కంటే పెద్ద కుండీ అయితే గాల్వనైజ్డ్ చికెన్ మెష్ చుట్ట ఒకటి గోడ మధ్యలో నిలబెట్టాలి. మెష్ ఎక్కడా బయటికి కనపడకూడదు. కనపడిందంటే తుప్పుకు దారి దొరికినట్టే.

ఎండాకాలంలో ఒక రోజుకు, చలికాలంలో రెండు రోజులకు లోపలి బకెట్‌లో ఇసుక తీసి, మెల్లగా తిప్పి బయటికి లాగండి. బయటిది మర్నాడు తీయొచ్చు. అంచులు ఇంకా పచ్చిగా ఉంటాయి, గరుకు కాగితంతో గుండ్రం చేసుకోవడానికి ఇదే సమయం.

మేడ మీదికి బరువు తగ్గాలంటే చిప్స్ బదులు ఉద్దానం కొబ్బరి పొట్టు వాడొచ్చు. దాన్ని నాలుగైదుసార్లు నీళ్లు మార్చి నానబెట్టి పిండాలి, అందులోని ఉప్పూ రంగునీళ్లూ సిమెంటును ఆలస్యం చేస్తాయి. ఇది బరువు మోసే పనికి రాదు, చిన్న కుండీల వరకే. తుపానుల జిల్లాల్లో బరువు కూడా మేలే చేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పటి గాలులకు తేలికపాటి ప్లాస్టిక్ కుండీ ఎక్కడ నిలుస్తుంది? బరువైన వాటిని మేడ మధ్యలో పెట్టకుండా కింద గోడ గానీ దూలం గానీ ఉన్నచోట పెట్టండి.

నీళ్లు పెట్టడం

పని అయిపోయిందనిపించేది ఇక్కడే, అసలు బలం వచ్చేదీ ఇక్కడే. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. మామూలు సిమెంటుతో 7 రోజులకు అందులో దాదాపు మూడింట రెండు వంతులు వస్తుంది, పీపీసీకి ఇంకా తక్కువ. తేమ ఆగిపోతే లోపలి రసాయన చర్య కూడా ఆగిపోతుంది. కొంత సిమెంటు ఎప్పటికీ పొడిగానే ఉండిపోతుంది. ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ లాంటివి కలిసినదానికీ ఎండలు గట్టిగా ఉన్నప్పుడూ కనీసం 10 రోజులు తడి ఆరనివ్వొద్దంటుంది. పల్చటి కుండీలకు నేను రెండు వారాలు పెట్టమంటాను. గోడ పల్చనైన కొద్దీ తేమ తొందరగా పోతుంది మరి.

మొదటి రోజు నీళ్లు కొట్టకండి, కవరు కప్పి నీడలో ఉంచితే చాలు. గాలి, ఎండ తగిలితే కొన్ని గంటల్లోనే పైన సన్న బీటలు పడతాయి. రెండో రోజునుంచి డ్రమ్ములో గానీ తొట్టిలో గానీ ముంచి ఉంచడం అన్నిటికన్నా మేలు. ముంచలేనివాటికి గోనె సంచి చుట్టి తడపండి. గోగునార, జనపనార సంచులకు మన జిల్లాల్లో కొదవలేదు, అవి నీళ్లు పట్టి నిలుపుకున్నట్టు మరే గుడ్డా నిలుపుకోదు. సంచి పైన కవరు కప్పితే పొద్దున, సాయంత్రం తడిపినా సరిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం కాలిపోతున్న పలక మీద చన్నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించకండి, ఆ దెబ్బకే చీలుతుంది.

మొక్క నాటే ముందు

కొత్త కుండీలోంచి సున్నం దిగుతూనే ఉంటుంది. నీళ్లలో ముంచి ఉంచినన్నాళ్లూ రెండు రోజులకోసారి ఆ నీళ్లు మారిస్తే చాలావరకు పోతుంది. ఆ నీళ్లను మొక్కల మొదట్లో పోయకండి. తర్వాత ఎండబెట్టి చూడండి, తెల్లగా ఉప్పు పొంగితే గట్టి బ్రష్షుతో రుద్ది కడగండి. అది సున్నం గాలితో కలిసి ఏర్పడే కాల్షియం కార్బొనేటు, బలానికి వచ్చిన నష్టమేమీ లేదు.

మొదటి ఏడాది ఎడారి గులాబీ, కాగితప్పూలు, కలబంద లాంటివి వేసుకోండి, అవి క్షారాన్ని ఓర్చుకుంటాయి. నూరువరహాలు, గార్డెనియా లాంటి పుల్లటి నేల కోరుకునే మొక్కలు ఆకు పసుపెక్కిపోతాయి, వాటిని మరుసటేడాదికి ఉంచండి. నడక పలకలు వేసేచోట జానెడు లోపు తవ్వి, రెండు అంగుళాలు క్రషర్ డస్టు పోసి గట్టిగా దిమ్మిస చేసి, ఒక పలక మధ్యనుంచి ఇంకో పలక మధ్యకు 60 సెంటీమీటర్లు ఉండేలా పరవండి. ఇంట్లో పెద్దవాళ్ల అడుగు చిన్నదైతే వాళ్లను ఒకసారి నడిపించి, వాళ్ల అడుగు పడ్డచోటే పలక పెట్టండి.